పురుగుమందు కొట్టే మనిషికి జాగ్రత్తలు నేర్పడం ఎలా?

ప్రశ్న: దర్శి ప్రాంతపు గ్రామ వ్యవసాయ సహాయకురాలు

పెద్దలకు నమస్కారం. నేను ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని ఒక రైతు సేవా కేంద్రంలో మూడేళ్లుగా గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్నాను. మా ఊళ్లో మిరప, కంది, పత్తి ఎక్కువ. మిరప తోట పూత మీద ఉన్న రోజుల్లో వారానికి ఒకసారైనా మందు కొట్టని రైతు మా ఊళ్లో లేడు. పురుగుమందుల వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించి గత నెలలో ఒక సమావేశం పెట్టాను. నలభై మంది దాకా వచ్చారు. డబ్బా మీద ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల అర్థం వివరించాను, గాలికి ఎదురుగా కొట్టకూడదని చెప్పాను, మాస్కులూ చేతి తొడుగులూ పంచాను. అందరూ శ్రద్ధగానే విన్నారు.

మరునాడు ఉదయం ఒక మిరప తోట గట్టు మీదుగా వెళ్తుంటే, ఇరవై ఏళ్ల కుర్రవాడొకడు లుంగీ ఎగ్గట్టి, కాళ్లకు చెప్పులైనా లేకుండా, వీపున తైవాన్ పంపు మోస్తూ మందు కొడుతూ కనిపించాడు. అతని తల్లి గట్టున కూర్చుని, బకెట్లో మూడు రకాల మందులు పోసి వట్టి చేత్తో కలుపుతోంది. నేను పంచిన మాస్కు తుమ్మ కొమ్మకు వేలాడుతోంది. ఎందుకు పెట్టుకోలేదని అడిగితే, "మీటింగుకు వచ్చింది మా ఆసామి అక్కా, నేను ఆ రోజు వేరే చేలో మందు కొడుతున్నాను. ఇది పెట్టుకుంటే ఊపిరాడటం లేదు" అన్నాడు. ఆ మాట అప్పటి నుంచి నా మనసులోంచి పోవడం లేదు.

వచ్చే మంగళవారం మళ్లీ ఒక గంట సమయం దొరికింది. మందుతో పాటు వచ్చే కరపత్రంలో తెలుగు ఉన్నా, అక్షరాలు ఆవగింజకన్నా చిన్నవి. పైగా మందు కొట్టేవారిలో చదవగలిగినవారు తక్కువ. ఆ గంటలో ఎవరిని పిలవాలో, ఏం చెప్పాలో, ఎలా చెబితే మరునాడు చేలో కనబడుతుందో అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

సమాధానం 1: విశ్రాంత వ్యవసాయాధికారి, కోవూరు

అమ్మా, ఆ కుర్రవాడి మాటను ఉన్నదున్నట్టు రాసి మంచి పని చేశారు. నేను నెల్లూరు జిల్లాలో ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటి సమావేశాలు లెక్కలేనన్ని పెట్టాను. ముందు వరుసలో ఎప్పుడూ భూమి ఉన్నవారే కూర్చునేవారు. మందు ఎవరి ఒంటి మీద పడుతుందో ఆ మనిషి ఆ వేళకు ఏదో ఒక చేలో ట్యాంకు మోస్తూనే ఉండేవాడు. కాబట్టి మొదట వేళ మార్చండి. కూలీలు పని ముగించుకొని చేరే చోటుకు సాయంత్రం మీరే వెళ్లండి, లేదా పొద్దున్నే ఆరు గంటలకు చేలోనే కలవండి. కలిపే ఆడవాళ్లనూ తప్పకుండా పిలవండి.

రెండవది, చెప్పడం తగ్గించి చూపించండి. ఎన్నడూ మందు పోయని కొత్త పంపు ఒకటి సంపాదించి, అందులో తెల్లబట్టలకు పెట్టే నీలిని చిక్కగా కలిపిన నీళ్లు పోయండి. రోజూ మందు కొట్టే మనిషికే తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టించి, వీపుకు ఆ పంపు తగిలించి, రోజూ ఎలా కొడతాడో అలాగే రెండు సాళ్లు కొట్టమనండి. కలపడం కూడా అతని చేతనో, ఇంట్లో ఎవరు కలుపుతారో వారి చేతనో చేయించండి. పది నిమిషాల తరువాత నిలబెట్టి చూడండి. తొడల ముందు భాగం నీలమవుతుంది, ఎందుకంటే మందు చిమ్మే గొట్టాన్ని (లాన్సును) ముందుకు పట్టి తడిసిన మొక్కల మధ్యలోకే నడుస్తాడు. మూత సరిగా బిగియకపోతే వీపు నుంచి నడుము కింది వరకు ధార కారుతుంది. చేతులు మణికట్టు వరకు నీలమవుతాయి. ముక్కు దగ్గర మరకలు చాలా తక్కువగా ఉంటాయి.

దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మందు అంటే మన రైతుకు వాసన గుర్తుకొస్తుంది, వాసన అనగానే ముక్కు గుర్తుకొస్తుంది, అందువల్ల ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలనుకుంటాడు. ఆరుబయట ద్రవ మందు కొట్టేటప్పుడు ఒంట్లోకి చేరేదానిలో అత్యధిక భాగం చర్మం ద్వారానే చేరుతుంది. చర్మం కూడా అంతటా ఒకేలా పీల్చదు. ముంజేయి కంటే నుదురు ఎక్కువగా, వాటన్నిటికంటే గజ్జల భాగం ఎన్నో రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. తడిసిన లుంగీ సరిగ్గా అక్కడే అంటుకుని సాయంత్రం దాకా ఉంటుంది. ముఖానికి చుట్టిన తువ్వాలు ఒకసారి తడిసిందంటే అదీ మందు గుడ్డే అవుతుంది. గుడ్డతో కుట్టిన చేతి తొడుగు సంగతీ అంతే. నైట్రైల్ రబ్బరు తొడుగు దొరికితేనే వాడమనండి.

మన ఎండల్లో నిలువెల్లా కప్పే ప్లాస్టిక్ దుస్తులు ఎవరూ వేసుకోలేరు, వేసుకోమని చెప్పడం కూడా నాకు న్యాయంగా తోచదు. దానికి బదులు పాలిథిన్ పట్టా ముక్క ఒకటి నడుముకు ముందు వైపు మోకాళ్ల కింది దాకా కట్టించండి, మరొకటి వీపుకూ ట్యాంకుకూ మధ్య వేయించండి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు ఉంటే ప్యాంటు అంచు బూటు బయటికి ఉండాలి, లోపలికి దోపితే కారిన మందు బూటులోకే దిగుతుంది. కొట్టిన సాలులో కాకుండా కొట్టని సాలులో, గాలికి అడ్డంగా నడవాలి. మన కోస్తా వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోగా, అంటే పొద్దున్నే, పని ముగించడం మేలు. మిరప కంటే కంది, పత్తి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పైరు మనిషి ఎత్తుకు వచ్చాక మందు తొడల మీద కాదు, ఛాతీ మీదా ముఖం మీదా పడుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా మరణించిన సంగతి చాలామంది మరిచిపోయారు. అక్కడ పత్తి ఎత్తుగా పెరగడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం అప్పట్లో పెద్ద చర్చ అయ్యాయి.

ఇక కలిపేవారికి ఒక్క లెక్క చెప్పండి. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల మందు కలిపే చోట, డబ్బాలోని మందు ఒక్క మిల్లీలీటరు చేతి మీద పడితే, కలిపిన మందు అర లీటరు ఒంటి మీద పోసుకున్నట్టే. గట్టున కూర్చుని చేత్తో కలిపే ఆ తల్లికి, చేలో తిరిగే కొడుకు కంటే ఎక్కువ ప్రమాదం ఎందుకో ఈ లెక్కతో తెలుస్తుంది. పొడవాటి కర్ర, మందుకే కేటాయించిన కొలత గ్లాసు, చేతులకు తొడుగులు: ఈ మూడూ లేకుండా డబ్బా మూత తీయకూడదు.

ఖాళీ డబ్బాను మూడుసార్లు నీళ్లతో తొలిచి, ఆ నీళ్లను పంపులోనే పోసుకుని చేలో కొట్టేయాలి. తరువాత డబ్బాకు చిల్లులు పొడవాలి, లేకపోతే అది కిరసనాయిలుకో, మంచినీళ్లకో ఇంటికి చేరుతుంది. మా కోవూరు వైపు పంపును కాలువలో కడగవద్దని ఏళ్ల తరబడి చెప్పినా వినని రైతులు, కాలువ కింద రొయ్యల గుంటలు వచ్చాక ఒక్క మాటతో విన్నారు. రొయ్యకూ పురుగుకూ చుట్టరికం ఉంది. పురుగును చంపే పైరెత్రాయిడ్ మందు అతి తక్కువ మోతాదులోనే రొయ్యను చంపుతుంది. మీ ఊరి మనిషికి ఏది విలువైనదో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

సమాధానం 2: ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యుడు, మార్కాపురం వైపు

పై పెద్దాయన ముక్కు గురించి చెప్పినది నా అనుభవంతో సరిగ్గా సరిపోతుంది. మా దగ్గరికి వచ్చేవారు "వాసన పడలేదు సార్" అనే అంటారు. అప్పటికి తడిసిన బట్టలు ఒంటి మీదే ఉంటాయి. ఒక్క సవరణ మాత్రం చేస్తాను: పొడి మందు కలిపేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకే వెళ్తుంది, ఆ కాసేపు మాస్కు తప్పనిసరి.

మీ గంటలో పది నిమిషాలు లక్షణాలకు కేటాయించండి. మా ప్రాంతంలో మందు ప్రభావాన్ని వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి నీడన పడుకోబెడతారు, అక్కడే విలువైన సమయం పోతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాలకూ కండరాలకూ మధ్య పనిచేసే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో ఒళ్లంతా చెమట పట్టడం, నోట్లో నీళ్లూరి కారడం, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, చివరకు ఆయాసం వస్తాయి. కంటిపాప సూదిమొనంతగా చిన్నదైపోతుంది. మనిషికి చూపు మసకగా ఉందనిపిస్తుంది. ఎండలో కొట్టినా, నీడలో కలిపినా, మందు ముట్టిన రోజున ఇవి కనిపిస్తే వడదెబ్బ అనుకోకూడదు. దీనికి అట్రోపిన్ అనే విరుగుడు ఆసుపత్రిలో ఉంటుంది, కనుక ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

ముందుగా మనిషిని చేలోంచి బయటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో ఒళ్లు కడగాలి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లు పోయాలి. మందు నోట్లోకి పోతే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు, పాలు, చింతపండు రసం ఏవీ పట్టించకూడదు. స్పృహ తప్పుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా మందు డబ్బాను వెంట తేవాలి. "ఏదో పురుగుమందు" అని చెబితే మేము లక్షణాలను బట్టి ఊహించుకోవాలి, పేరు తెలిస్తే ఆ క్షణంలోనే వైద్యం మొదలవుతుంది. ఈ ఒక్క సంగతి ఊళ్లో అందరికీ చేరినా నేను మీకు రుణపడి ఉంటాను.

రంగుల త్రికోణాల గురించి కూడా ఒక మాట. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని మీరు చెప్పింది సరైనదే. ఆ రంగును మందు ఎంత మోతాదులో ప్రాణం తీస్తుందన్న దాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆకుపచ్చ కనబడితే ఏమీ కాదని కొందరు అర్థం చేసుకుంటున్నారు, అది పొరపాటు. విరుగుడు ఉందో లేదో కూడా రంగు చెప్పదు: పసుపు త్రికోణం ఉన్న పారాక్వాట్ గడ్డి మందుకు ఈ రోజుకీ విరుగుడు లేదు. దాన్ని కూల్ డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టడం వంటి అపాయం మరొకటి లేదు. మందులన్నిటినీ వాటి డబ్బాల్లోనే ఉంచి, తాళం ఉన్న పెట్టెలో, పిల్లలకు అందకుండా, ఇంట్లో మనస్తాపంతో ఉన్నవారికీ చేతికి అందకుండా ఉంచమని గట్టిగా చెప్పండి.

సమాధానం 3: కూలీల మేస్త్రి, కొండపి మండలం

అమ్మా, నేను పాతికమంది ఆడకూలీలను పనికి తీసుకెళ్తాను. మా అమ్మాయి చేత ఇది రాయిస్తున్నాను. మందు కొట్టేది మగవాళ్లే అన్న మాట నిజమే, కానీ నీళ్లు మోసేది, మందు కలిపేది, ఆ బట్టలు ఉతికేది, మరునాడు అదే తోటలో వంగి కాయలు కోసేది మేము. ఎవరూ మమ్మల్ని సమావేశానికి పిలవలేదు. కొట్టిన తోటలోకి ఎన్ని రోజుల తరువాత దిగాలో కూలీకి చెప్పే ఆసామి ఇంతవరకు నాకు కనబడలేదు. నిన్న మందు పడిన తోటలో ఈ రోజు కోత ఉంటే మేము దిగమని ఈ ఏడాది నుంచి అంటున్నాము. కూలి పోతుందేమోనన్న భయం ఉంది, అయినా అంటున్నాము. డబ్బా మీద రాసి ఉండే గడువును కూలీల ముందే ఆసామి చేత చదివించగలిగితే మాకు పెద్ద సాయం.

బట్టల సంగతి. మా ఇళ్లలో అన్నీ ఒకే తొట్టిలో నానబెడతాము, చంటిపిల్లల గుడ్డలతో సహా. మందు బట్టలు విడిగా, వేరే బకెట్లో, చేతులకు కవరు వేసుకుని సబ్బుతో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయమని మా అమ్మాయి కళాశాలలో ఎవరో చెప్పిన తరువాతే నాకు తెలిసింది.

పొగాకు గురించి ఇంకొక విషయం. మా వైపు మంచు పడిన పొద్దున తడి ఆకు కోస్తే తల తిరిగి, వాంతులు అవుతాయి. మేమంతా దాన్ని పురుగుమందు వల్లే అనుకునేవాళ్లం. ఆకులోని నికోటిన్ మంచు నీళ్లలో దిగి చర్మంలోకి పోతుందట. ఆకు ఆరాక కోస్తే, చేతులు కప్పుకుంటే బాధ తగ్గుతోంది. పొగాకు ఉన్న ఊళ్లలో ఈ రెండింటి తేడా కూడా చెప్పండి.

సమాధానం 4: ఎరువులు, పురుగుమందుల దుకాణదారు, కందుకూరు

మా కొట్టుకు వచ్చే రైతు మొక్క ఆకు చూపించి "గట్టి మందు ఇవ్వండి" అంటాడు, మోతాదు కూడా మేము నోటితో చెప్పిందే. హైదరాబాదులోని వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్ 2003లో మాలాంటి దుకాణదారుల కోసం మొదలుపెట్టిన ఏడాది డిప్లొమా చదివాక నేను నా పద్ధతి మార్చుకున్నాను. ప్రతి మందు డబ్బా మీదా ట్యాంకుకు ఎన్ని మిల్లీలీటర్లో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నాను, కొలత గ్లాసు ఉచితంగా ఇస్తున్నాను. మీ మంగళవారం సమావేశానికి మీ ఊరి దుకాణదారును కూడా పిలవండి, నలుగురి ముందు చెప్పిన మాటకు అతను కట్టుబడతాడు.

మరొకటి, ఇళ్లలో అటకల మీద పాత డబ్బాలు వెతికించండి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లోనే ఆపించింది. ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఎప్పుడో కొన్నవి వృథా చేయడం ఎందుకని ఇప్పటికీ వాడేవారు ఉన్నారు.

సమాధానం 5: మిరప రైతు, త్రిపురాంతకం

అందరూ చెప్పినవి మంచి మాటలే, కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. వారానికి ఒకసారి కొట్టవలసిన అవసరం నిజంగా ఉందా? 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడినప్పుడు నేను రోజు విడిచి రోజు కొట్టాను, రెండు మూడు మందులు కలిపి కొట్టాను. పురుగు తగ్గలేదు, తోట పోయింది, మందు కొట్టిన మా బావమరిది ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాడు. తరువాతి ఏడాది నీలం రంగు జిగురు అట్టలు పెట్టి, పూలు దులిపి పురుగు లెక్క చూసి, అవసరమైనప్పుడే ఒక్క మందు కొట్టాను. పూర్తిగా మానలేకపోయాను, కానీ సగానికి పైగా తగ్గింది. మీరు ఎన్ని తొడుగులు పంచినా, కొట్టని ట్యాంకు అంత రక్షణ ఇవి ఇవ్వలేవు. రైతులకు చేలోనే పాఠాలు నేర్పే పొలంబడిలో పురుగును లెక్కపెట్టడం నేర్పినట్టే, ఇక్కడ కూడా ముందు అది నేర్పండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. మంగళవారం గడిచింది కనుక జరిగింది రాస్తున్నాను. సమావేశాన్ని కార్యాలయంలో కాకుండా సాయంత్రం ఐదున్నరకు ఆ మిరప తోట గట్టునే పెట్టాను. పదిహేడు మంది వచ్చారు, అందులో ఏడుగురు ఆడవాళ్లు. ఆ కుర్రవాడే తెల్ల బట్టలు కట్టుకుని నీలి నీళ్లు కొట్టాడు, అతని తల్లే కలిపింది.

కోవూరు పెద్దాయన చెప్పినట్టే తొడలూ నడుమూ నీలమయ్యాయి. ఆయన చెప్పనిది ఒకటి కూడా కనబడింది. మధ్యలో దాహమని కుర్రవాడు నీళ్ల సీసా ఎత్తి తాగాడు, తరువాత ఫోను చూసుకున్నాడు. సీసా మూత మీద, ఫోను మీద, పెదవి పక్కన నీలి వేలిముద్రలు. నేను ఏమీ అనలేదు. అతని తల్లి ముందుకు వచ్చి, తన నీలి చేతులు చూసుకుని, "ఈ చేతులతోనే నేను అన్నం ముద్ద కలిపి మనవడికి పెడుతున్నాను" అంది. ఆ తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

లీటరు లెక్క చెప్పాను, డాక్టరు గారు రాసిన లక్షణాలు చెప్పాను, డబ్బా వెంట తీసుకెళ్లాలన్న మాటను మూడుసార్లు వారి చేతనే చెప్పించాను. మేస్త్రి గారి మాటను చదివి వినిపిస్తే ఆడకూలీలు గడువు ఎన్ని రోజులని ఆసామిని అక్కడికక్కడే అడిగారు. అతను డబ్బా తిప్పి చూశాడు, అక్షరాలు కనబడక ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చదివాడు. కలిపే చోట ఒక సబ్బు, రెండు బకెట్ల మంచినీళ్లు, పాలిథిన్ పట్టాలు తానే పెడతానన్నాడు. గురువారం వెళ్లి చూశాను. సబ్బూ నీళ్లూ ఉన్నాయి, ఆ కుర్రవాడు పట్టా ముందు వైపు కట్టుకున్నాడు, వీపుకు లేదు. ట్యాంకు మూతకు కొత్త రబ్బరు వాషరు వేయించారు.

పురుగు లెక్కపెట్టడం మాత్రం ఒక్క గంటలో అయ్యే పని కాదు కనుక, వచ్చే నెల నుంచి ఆ తోటలోనే వారానికొకసారి పెట్టుకుందామని అనుకున్నాం. పక్క ఊరి సహాయకుడు కూడా ఈ ప్రదర్శన కావాలన్నాడు. ఆ చొక్కా, పంచె ఉతికించలేదు. శనివారం నాడు మరకలతోనే అక్కడికి తీసుకెళ్తున్నాను.